మంచిగా పనిచేసిన గోలీ ఇప్పుడెందుకు పనిచేయట్లేదు?

ప్రశ్న: నా వయసు 44. మా ఊరు కల్వకుర్తి దగ్గర. విత్తనాలు, ఎరువుల షాపు నడుపుతున్నాను. రెండున్నరేళ్ల కింద డిప్రెషన్ వచ్చింది. నిద్ర లేదు, తిండి లేదు, షాపు షట్టర్ ఎత్తబుద్ధి కాలేదు. మహబూబ్‌నగర్‌లో మానసిక వైద్యుడికి చూపించుకుంటే ఎసిటలోప్రామ్ 10 ఎంజీ రాశారు. నెలన్నర తిరిగేసరికి మళ్లీ మనిషినయ్యాను. ఆ తర్వాత మంచిగానే ఉన్నాను. డాక్టర్ దగ్గరికి పోయి ఏడాది దాటింది. పాత చీటీ చూపించి మెడికల్ షాపులో అదే గోలీ తెచ్చుకుంటున్నాను. నాలుగు నెలల నుంచి మళ్లీ పాత కథే. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తుంది. ఎవరన్నా పలకరిస్తే చిరాకు. ఊరికే కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి. ఒక్కోసారి ఎందుకీ బతుకు అనిపిస్తుంది. మెడికల్ షాపతను ‘మీకు 10 అలవాటైపోయింది, 20 వేసుకోండి’ అన్నాడు. మా బావమరిదేమో ‘ఆ గోలీలతోనే నీకీ రంది, మొత్తం బంద్ చెయ్ బావా’ అంటున్నాడు. మా ఇంటామె పరేషాన్ అవుతుందని మళ్లీ మొదలైన సంగతి చెప్పలేదు. సీజన్‌లో ఒకటి రెండుసార్లు గోలీ మర్చిపోయిన మాట నిజమే. బీరు, బ్రాందీ ముట్టను. నిద్ర కోసం సాయంత్రం రెండు సీసాల కల్లు తాగుతాను, అంతే. గోలీకి నా ఒళ్లు అలవాటు పడిందా? పెంచాలా, మానాలా? జన్మంతా ఇట్ల గోలీల మీదే బతకాలా?
– పేరు వద్దు, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: మీరు అడిగిన వాటికన్నా ముందు ‘ఎందుకీ బతుకు అనిపిస్తుంది’ అని రాశారు చూడండి, ఆ సంగతి మాట్లాడదాం. డిప్రెషన్‌లో ఈ ఆలోచన రావడం మామూలే. అది జబ్బు పుట్టించే ఆలోచన, మీ పిరికితనం కాదు. కాకపోతే అందులో రెండు రకాలున్నాయి. విసుగుతో ‘ఇక చాలు’ అనిపించడం ఒకటి. ఎప్పుడు, ఎలా అని మనసు లెక్కలు వేయడం ఇంకొకటి. ఈ రెండోది ఒక్కసారి వచ్చినా సరే, అపాయింట్‌మెంట్ కోసం చూడకండి. అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. రాత్రిపూట అయితే 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన ఉచిత హెల్ప్‌లైన్. 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. పరిస్థితి చేయి దాటుతోందనిపిస్తే 108.

మీ విషయంలో ఇంకో జాగ్రత్త తప్పనిసరి. మీరు పొద్దంతా పురుగుమందుల డబ్బాల మధ్య కూర్చుంటారు. మనసు బాగా లేని మనిషి ఆ గదిలో ఒంటరిగా ఉండకూడదు. మీరు కుదుటపడే దాకా పురుగుమందుల స్టాకు గది తాళం మీ దగ్గర పెట్టుకోవద్దు. షాపు తెరిచినప్పుడు, మూసినప్పుడు పక్కన ఇంకో మనిషి ఉండాలి. ఇంట్లో ఒక్క డబ్బా కూడా వద్దు. ఈ పనికి మీ బావమరిదినే పెట్టండి. గోలీలు మానెయ్యమని ఆయన ఇచ్చిన సలహా తప్పే గానీ, మీ మీద ప్రేమతోనే అన్నాడు. ‘కొన్నాళ్లు తాళం నీ దగ్గర ఉంచు, నా మనసు బాగాలేదు’ అని చెప్తే అర్థం చేసుకుంటాడు. చచ్చిపోవాలన్న తలంపు ఎంత గట్టిగా వచ్చినా ఎక్కువసేపు అదే ఊపులో ఉండదు. ఆ కాసేపు చేతికి ఏమీ అందకపోవడం వల్లే ఎంతోమంది బతికి బయటపడ్డారు.

ఇక గోలీ సంగతి. సొంతంగా పెంచకండి, సొంతంగా మానకండి. కారణం తెలియకుండా ఏది చేసినా చీకట్లో రాయి వేసినట్టే.

ఒక రైతు మీ షాపుకొచ్చి ‘నువ్విచ్చిన దోమ మందు పనిచేయలేదు’ అంటే మీరేం చేస్తారు? వెంటనే డబుల్ డోసు కొట్టమని చెప్పరు. ఎన్నిసార్లు కొట్టావు, కొట్టిన రోజు వాన పడిందా, అందులో ఇంకేమన్నా కలిపావా, అసలు పంటకు వచ్చింది దోమేనా అని అడుగుతారు. మీ గోలీ గురించి నేను అడగబోయేవి కూడా ఆ ప్రశ్నలే.

ఒకటి రెండుసార్లు మర్చిపోయానన్నారు. మర్చిపోయిన రోజులు గుర్తుండవు కాబట్టి ఆ లెక్క ఎవరికైనా తక్కువగానే తోస్తుంది. జ్ఞాపకాన్ని నమ్మకుండా స్ట్రిప్‌లను లెక్కపెట్టండి. పది గోలీల స్ట్రిప్‌లు నెలకు మూడు అయిపోవాలి. నాలుగు నెలల్లో మీరు కొన్నవి ఎనిమిదో తొమ్మిదో అయితే సంగతి అక్కడే తేలిపోతుంది. ఎసిటలోప్రామ్ ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు 30 గంటలు పడుతుంది. అందుకే ఒక్క రోజు తప్పితే పెద్దగా తెలియదు. వారంలో రెండు మూడు రోజులు తప్పుతూ పోతే మాత్రం రక్తంలో దాని మట్టం పడిపోతూ, లేస్తూ ఉంటుంది. అలా నెలలు గడిస్తే జబ్బు తిరిగి వచ్చేందుకు దారి దొరుకుతుంది. వానాకాలం సీజన్‌లో ఆరింటికే షట్టర్ ఎత్తి రాత్రి పదింటికి ఇల్లు చేరే మనిషికి గోలీ తప్పిపోవడం వింతేమీ కాదు. బ్రష్ పక్కన పెట్టుకుంటారో, ఫోన్‌లో అలారం పెట్టుకుంటారో మీ ఇష్టం. ఒక పూట మర్చిపోయామని మర్నాడు రెండు కలిపి మాత్రం వేసుకోవద్దు.

అలాగే స్ట్రిప్‌ను తిప్పి వెనకున్న చిన్న అక్షరాలు చదవండి. కంపెనీ మారితే సాధారణంగా భయపడాల్సింది లేదు, లోపల మందు అదే ఉంటుంది. అయితే మన దగ్గర ఎసిటలోప్రామ్ ఒక్కటే ఉన్న గోలీలతో పాటు క్లోనజెపామ్ అనే నిద్ర, ఆందోళన మందు కలిపినవి కూడా విరివిగా అమ్ముతారు. పేర్లు దాదాపు ఒకేలా ఉంటాయి, చివర ఒక అక్షరమో ‘ప్లస్’ అన్న మాటో తేడా. ముందు కలిపినది వాడుతూ ఎప్పుడో తెలియకుండా ఉత్తదానికి మారితే నిద్ర చెడిపోతుంది, ఆందోళన పెరుగుతుంది. గోలీ పనిచేయట్లేదనే అనుకుంటారు. ఏడాది పాటు పాత చీటీ మీద కొన్నారు కాబట్టి, మొదట డాక్టర్ రాసిన పేరు, ఇప్పుడు మీ చేతిలో ఉన్న స్ట్రిప్ మీది పేరు అక్షరం అక్షరం పోల్చి చూడండి.

ఉత్తరం చివర ‘అంతే’ అని మీరు తేలిగ్గా వదిలేసిన కల్లు దగ్గర మాత్రం నేను చాలాసేపు ఆగాను.

కల్లును మద్యం కింద లెక్కపెట్టకపోవడం మన పాలమూరు వైపు అందరికీ ఉన్న అలవాటే. చెట్టు మీద నుంచి అప్పుడే దించిన కల్లులోనూ ఆల్కహాల్ ఉంటుంది, పులిసేకొద్దీ పెరుగుతుంది. ఆల్కహాల్ తొందరగా నిద్ర పట్టిస్తుంది గానీ, రాత్రి రెండో సగంలో ఆ నిద్రను చెడగొడుతుంది. రోజూ తాగితే మనసును ఇంకా కుంగదీస్తుంది. డిప్రెషన్ గోలీ ఒకవైపు లాగుతుంటే ఇది రెండోవైపు లాగుతుంది.

అసలు భయం వేరే ఉంది. దుకాణాల్లో సీసాల్లో అమ్మే కల్లు అంతా చెట్టు నుంచి వచ్చిందే అనుకోవడానికి లేదు. చెట్లు తక్కువ, తాగేవాళ్లు ఎక్కువ ఉన్నచోట నీళ్లలో తీపికి సాక్రిన్, మత్తుకు అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలిపి అమ్మడం మన జిల్లాల్లో ఏళ్లుగా పట్టుబడుతున్న సంగతే. చెట్టెక్కి కల్లు గీసే గౌడన్నలను అంటున్న మాట కాదిది, మత్తుపొడి కలిపే వ్యాపారం గురించి చెబుతున్నాను. అల్ప్రాజోలం అంటే డాక్టర్లు చీటీ మీద, లెక్క ప్రకారం, కొద్ది రోజులకే రాసే మందు. కల్లు సీసాలో ఎంత ఉందో కలిపినవాడికే తెలియదు. అది సాయంత్రం మనిషిని చల్లబరుస్తుంది, మొద్దు నిద్ర పట్టిస్తుంది. దాని పట్టు కొన్ని గంటలే. తెల్లవారుజాముకు దిగిపోయేసరికి గుండెదడ, ఆందోళన, మెలకువ మొదలవుతాయి. ఒళ్లు అలవాటు పడేకొద్దీ రెండు సీసాలు మూడవుతాయి. మీకు మూడింటికి వస్తున్న మెలకువ డిప్రెషన్‌దే కావచ్చు, తెల్లవారుజామున లేచి కూర్చోవడం ఆ జబ్బు లక్షణాల్లో ఒకటి. కల్లు దిగిపోవడం వల్ల వచ్చేదీ కావచ్చు. కల్లు సంగతి తేలకుండా గోలీ మీద తీర్పు చెప్పలేం.

ఒకటి గుర్తు చేసుకోండి. పెళ్లికో తీర్థానికో ఊరు దాటి పోయి, ఒక రోజు, రెండు రోజులు కల్లు దొరకనప్పుడు మీ ఒళ్లు ఎలా ఉంది? చేతులు వణికాయా? చెమటలు పట్టాయా? నిద్ర అసలే రాలేదా? అవునంటే మీ సీసాలో మత్తుమందు ఉందని అనుమానించాల్సిందే.

ఇది చదివి రేపటి నుంచి కల్లు బంద్ అని ఒట్టు పెట్టుకోకండి. దయచేసి ఈ మాట జాగ్రత్తగా వినండి. కల్తీ కల్లుకు అలవాటు పడ్డ ఒంటికి అది ఒక్కసారిగా ఆగిపోతే ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. 2015లో ప్రభుత్వం కల్తీ కల్లు మీద గట్టిగా దాడులు చేసి సరఫరా ఆగినప్పుడు పాలమూరు, నిజామాబాద్ వైపు జనం వణుకుతూ, పొంతన లేని మాటలతో, ఫిట్స్‌తో ఆస్పత్రులకు బారులు తీరారు. కాబట్టి కల్లు మానాలి, కానీ డాక్టర్ చేతుల మీదుగా మానాలి. సాధారణంగా అదే జాతి మందును లెక్క ప్రకారం ఇచ్చి, కొన్ని వారాల్లో మెల్లగా తగ్గిస్తారు. అందుకోసం ఎన్ని సీసాలు, ఎన్నేళ్ల నుంచి అన్నది డాక్టర్‌కు ఉన్నదున్నట్టు చెప్పాలి. సగం చెప్తే మందు కూడా సగమే పనిచేస్తుంది.

కొన్ని ఒంటి జబ్బులు కూడా డిప్రెషన్ వేషంలో వస్తాయి. థైరాయిడ్ తగ్గడం, రక్తహీనత, బి12 లోపం, అదుపు తప్పిన షుగర్ వీటిలో ముఖ్యమైనవి. పెద్దగా గురకపెట్టి, మధ్యమధ్య ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేచే మనుషులకు పగలంతా మనసు ముసురు పట్టినట్టే ఉంటుంది. ఒక్క రక్త పరీక్షతో చాలావరకు తేలిపోయే వాటిని నెలల తరబడి అనుభవించడం ఎందుకు? ఈ నాలుగు నెలల్లో కొత్తగా మొదలుపెట్టిన మందులుంటే అవి కూడా రాసుకోండి. టీబీకి వాడే రిఫాంపిసిన్ కొన్ని డిప్రెషన్ మందుల మట్టాన్ని తగ్గిస్తుంది. స్టెరాయిడ్లు మనసును తలకిందులు చేయగలవు. మోకాళ్ల నొప్పులకని ఊళ్లో ఇచ్చే పేరు తెలియని గోలీల్లో స్టెరాయిడ్ ఉండటం అరుదు కాదు. ట్రమడాల్ అనే నొప్పి మాత్రను మీ గోలీతో కలిపి సొంతంగా వాడకూడదు.

మీరు రాయని సంగతి ఒకటుంది, అప్పుల సంగతి. ఎరువుల షాపు అంటే ఉద్దెర మీద నడిచే వ్యాపారం. పత్తి చేతికొస్తే రైతు కడతాడు, లేకపోతే కంపెనీకి మీరు కట్టాలి. ఈ నాలుగు నెలల్లో అలాంటి దెబ్బ ఏదైనా తగిలి ఉంటే అది కూడా కారణాల లెక్కలోకి వస్తుంది. గోలీ బాకీ తీర్చదు. పెద్ద దెబ్బ తగిలినప్పుడు నిన్నటిదాకా సరిపోయిన డోసు చాలకపోవచ్చు. అది గోలీ ఫెయిలవడం కాదు, బరువు పెరగడం. అప్పుడు మందుతో పాటు కౌన్సెలింగ్ కావాలి, ఎవరన్నా తెలిసిన మనిషితో కూర్చుని బాకీల చిట్టా సర్దుకోవడమూ కావాలి.

డాక్టర్ మిమ్మల్ని ఒక ప్రశ్న తప్పక అడుగుతారు, అడక్కపోతే మీరే చెప్పండి. గతంలో ఎప్పుడైనా రోజుల తరబడి నిద్ర తక్కువైనా అలుపే లేకుండా, విపరీతమైన హుషారుతో, ఆగకుండా మాట్లాడుతూ, చేతికొచ్చినట్టు ఖర్చు పెట్టిన కాలం ఉందా? ఇంట్లో ఎవరికైనా అలా ఉందా? ఉంటే అది ఉత్త డిప్రెషన్ కాకపోవచ్చు, ఒకసారి కుంగుబాటు, ఒకసారి మితిమీరిన హుషారు వచ్చే బైపోలార్ జబ్బు కావచ్చు. దానికి వైద్యమే వేరు. బైపోలార్ ఉన్న మనిషికి ఒక్క డిప్రెషన్ గోలీనే పెంచుకుంటూ పోతే మనసు ఇంకా అల్లకల్లోలం అవుతుంది. మెడికల్ షాపు కౌంటర్ దగ్గర నిలబడి 10ని 20 చేసుకోవద్దని నేననేది ఎక్కువగా ఇందుకే. ఎసిటలోప్రామ్ డోసు పెరిగేకొద్దీ గుండె కొట్టుకునే తీరు మీద కొందరిలో ప్రభావం చూపుతుంది. వాడుతున్న మిగతా మందులు, గుండె సంగతి చూసుకుని పెంచాలి.

ఇవన్నీ చూశాక కూడా, గోలీ రోజూ వేసుకున్నా, కల్లు లేకున్నా, రక్త పరీక్షలు బాగున్నా డిప్రెషన్ తిరిగొచ్చిందని తేలవచ్చు. అవును, అలా జరుగుతుంది. మంచిగా పనిచేసిన మందు మీద ఉండగానే కొందరికి జబ్బు తిరగబెడుతుంది. అది మీ తప్పు కాదు, దారి మూసుకుపోయినట్టూ కాదు. అప్పుడు డాక్టర్ డోసు పెంచవచ్చు. ఎసిటలోప్రామ్‌కు పెద్దవాళ్లలో మామూలు గరిష్ఠ డోసు 20 ఎంజీ. పెంచాక తేడా తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు ఓపిక పట్టాలి. అప్పటికీ లాభం లేకపోతే సెర్ట్రలిన్, వెన్లాఫాక్సిన్, మిర్టజాపిన్ లాంటి ఇంకో మందుకు మారుస్తారు, లేదా ఉన్నదానికి ఇంకొకటి తోడిస్తారు. అమెరికాలో నాలుగు వేల మందికి పైగా రోగులతో చేసిన స్టార్‌-డి అధ్యయనం ఫలితాలు 2006లో వచ్చాయి. మొదటి మందుతో పూర్తిగా కోలుకున్నవాళ్లు అందులో దాదాపు మూడో వంతు మందే. మిగిలినవాళ్లలో చెప్పుకోదగ్గ సంఖ్యలో రెండో ప్రయత్నంలో కోలుకున్నారు. చివరి మొత్తం లెక్కల మీద తర్వాత నిపుణుల మధ్య వాదనలు జరిగాయి గానీ, ఒక మందు కుదరకపోతే ఇంకోటి కుదరవచ్చన్నది మేం ఓపీలో రోజూ చూసేదే. మాటలతో చేసే చికిత్స, అంటే సీబీటీ లాంటిది, మందుకు తోడైతే మళ్లీ తిరగబెట్టే ముప్పు తగ్గుతుంది.

మీ బావమరిది చెప్పినట్టు ఒక్కసారిగా మానేస్తే? తల తిరగడం, వికారం, చిరాకు, తలలో కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం, పిచ్చి కలలు రావచ్చు. మానాల్సి వచ్చినా వారాలు, నెలల మీద కొంచెం కొంచెంగా తగ్గించాలి. ఇప్పుడు జబ్బు తిరిగొచ్చిన సమయం, మానే సమయం అసలే కాదు.

ఈ రాత్రే మీ ఇంటామెకు చెప్పండి. పక్కన పడుకునే మనిషికి మీరు మూడింటికి లేచి కూర్చోవడం తెలియదనుకుంటున్నారా? తెలిసి అడగలేక ఆమె కూడా లోపల మనాది పడుతుంటుంది. డాక్టర్ దగ్గరికి ఆమెను వెంట తీసుకెళ్లండి. మీరు మర్చిపోయిన సంగతులు, కల్లు లెక్కతో సహా, ఆమెకు గుర్తుంటాయి.

మొదట మీ పాత డాక్టర్ దగ్గరికే వెళ్లడం మంచిది, మీ ఫైలు ఆయన దగ్గర ఉంది. కుదరకపోతే మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. కల్లు మాన్పించడానికి అడ్మిట్ చేయాల్సి వస్తే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి పంపవచ్చు. ఆ పేరు వింటే జనం ఏమనుకుంటారోనని ఆగొద్దు. పోయేటప్పుడు పాత చీటీ, ఇప్పటి స్ట్రిప్, ఇంట్లో వాడే మిగతా మందులన్నీ ఒక కవర్లో వేసుకోండి. నిద్ర ఎప్పుడు చెడింది, గోలీలు ఎప్పుడు తప్పాయి, కల్లు ఎప్పుడు పెరిగింది, షాపులో ఏం జరిగింది అన్నవి నెలల వారీగా ఒక కాగితం మీద రాసుకుంటే డాక్టర్‌కు సగం పని తేలికవుతుంది. అప్పటిదాకా 10 ఎంజీ గోలీ రోజూ ఒకే వేళకు వేసుకోండి. కల్లు తాగిన సాయంత్రం బండి నడపకండి.

జన్మంతా వాడాలా అని అడిగారు. ఆ నిర్ణయం ఈరోజు తీసుకోవాల్సిన పని లేదు. రెండోసారి వచ్చిన డిప్రెషన్‌కు, పూర్తిగా కోలుకున్నాక కూడా కనీసం రెండేళ్లు మందు కొనసాగించమని చెప్తాం. మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లకు ఇంకా ఎక్కువ కాలం. ఆ రెండేళ్లు గడిచాక, కల్లు లేకుండా నిద్ర పడుతూ, షాపు, ఇల్లు కుదురుగా ఉంటే, మీరూ మీ డాక్టరూ కూర్చుని తగ్గించి చూడవచ్చు. అప్పటిదాకా మూడు నెలలకొకసారైనా చూపించుకోండి, పాత చీటీ మీద ఏడాది నడపవద్దు.